ఎవరి ల్యాప్‌టాప్‌లో వాళ్లది నడుస్తోంది, కలిపితే ఆగిపోతోంది

ప్రశ్న: మేం కాకినాడలో బీటెక్ మూడో ఏడాది చదువుతున్న ఆరుగురం. స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ సాఫ్ట్‌వేర్ విభాగంలో ఫైనల్‌కి ఎంపికయ్యాం. రోడ్డు గుంతలు, చెత్త కుప్పలు, వెలగని వీధి దీపాల ఫొటో తీసి పంపితే సంబంధిత మున్సిపల్ విభాగానికి చేరే యాప్ మేం చేయాలి. కాలేజీలో జరిగిన ఇంటర్నల్ రౌండ్‌లో ఆలోచన నచ్చి ఎంపిక చేశారు గానీ డెమో నడవలేదు. ఎవరి ల్యాప్‌టాప్‌లో వాళ్ల భాగం బాగానే ఉంది, కలిపేసరికి ఏదీ కదల్లేదు. మాలో ఇద్దరికి కోడింగ్ పెద్దగా రాదు. ఇద్దరు ఫోన్ యాప్‌లు కట్టే ఫ్లటర్ అంటారు, ఇంకొకరు వెబ్‌సైట్ చాలంటారు. ఏఐ చాట్‌బాట్‌తో కోడ్ రాయించుకోవచ్చా? ఫైనల్ వేరే రాష్ట్రంలో పడింది. ముగ్గురం తెలుగు మీడియం నుంచి వచ్చాం, జ్యూరీ ముందు ఇంగ్లీషులో ఎలా నెట్టుకురావాలి? ఇంకా 20 రోజులుంది.
– టీమ్ లీడర్, కాకినాడ

జవాబు: ముందుగా అభినందనలమ్మా. ఫైనల్ దాకా వచ్చారంటే మీ ఆలోచనలో పస ఉందని ఇద్దరు ముగ్గురు నిపుణులు ఒప్పుకున్నట్టే. ఇక మిగిలింది దాన్ని నడిపించి చూపడం. 2017లో మొదలైనప్పటి నుంచి ఈ పోటీ సాఫ్ట్‌వేర్ ఫైనల్ 36 గంటలు ఏకబిగిన జరుగుతోంది. ఆ 36 గంటల్లో జట్లు ఓడిపోయేది కోడ్ రాయలేక కాదు. రాసిన ముక్కల్ని చివరి మూడు గంటల్లో కలపబోయి. మీ ఉత్తరంలో ఉన్న అసలు జబ్బు కూడా అదే కాబట్టి మిగతా ప్రశ్నలన్నిటికీ దాన్ని పట్టుకునే జవాబు చెబుతాం.

కలిపినప్పుడు ఆగిపోవడానికి మొదటి కారణం పేర్లు. ఫోన్ వైపు రాసినవారు ‘లాట్’, ‘లాంగ్’ అని పంపుతారు. సర్వర్ రాసినవారు ‘లాటిట్యూడ్’, ‘లాంగిట్యూడ్’ కోసం వెతుకుతారు. ఒకరు తేదీని అంకెగా పంపితే మరొకరు అక్షరాలుగా చదువుతారు. వేర్వేరుగా పరీక్షిస్తే ఇవేవీ బయటపడవు, ఎందుకంటే ఎవరి నమూనా డేటా వాళ్లు తయారుచేసుకుంటారు. అందుకే కోడ్ మొదలుపెట్టే ముందు ఒక గంట కూర్చుని ఒక్క పేజీ రాయండి: సర్వర్‌కి ఏయే అభ్యర్థనలు వెళ్తాయి, ఒక్కోదానిలో ఏ పేర్లతో ఏ రకం విలువలు ఉంటాయి, తప్పు జరిగితే ఏ సందేశం తిరిగొస్తుంది. మీ యాప్‌కి ఐదు చాలు. ఫిర్యాదు పంపడం, ఫిర్యాదుల జాబితా తేవడం, ఒక ఫిర్యాదు వివరాలు చూడటం, స్థితి మార్చడం, లాగిన్. ఆ పేజీని మీ కోడ్ అంతా ఉండే రిపోజిటరీలోనే పెట్టండి. తర్వాత ఒక పేరు మార్చాలన్నా ఆరుగురికీ చెప్పి ముందు ఆ పేజీలో మార్చాలి, ఆ తర్వాతే కోడ్‌లో.

మీ విషయంలో మరో ప్రత్యేకమైన ఉచ్చు ఉంది. మ్యాప్ చూపించే లీఫ్‌లెట్ లైబ్రరీ అక్షాంశాన్ని ముందు, రేఖాంశాన్ని తర్వాత అడుగుతుంది. స్థలాల వివరాలు రాసే జియోజేసన్ పద్ధతిలో, దాన్నే వాడే మోంగోడీబీ డేటాబేస్‌లో వరస తిరగబడుతుంది: రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత. కాకినాడ సుమారు 16.99 ఉత్తరం, 82.24 తూర్పు. ఈ రెండూ తారుమారైతే మీ రోడ్డు గుంత ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది. మ్యాప్ ఖాళీ నీలంగా కనబడితే ముందు చూడాల్సింది ఇదే.

రెండో పని, అన్నిటికంటే ముఖ్యమైనది. ఫైనల్‌లో మొదటి ఐదు గంటల్లోపు ఒకే ఒక్క సన్నని దారి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడవాలి. నిజమైన ఫోన్‌లో ఫొటో తీయాలి, అది ఇంటర్నెట్‌లో ఉన్న సర్వర్‌కి చేరాలి, డేటాబేస్‌లో పడాలి, అధికారి తెరమీద కనబడాలి, ఆయన ‘పూర్తయింది’ అని నొక్కితే ఫోన్‌లో మారాలి. అందం వద్దు, లాగిన్ వద్దు, ఏఐ వద్దు. బటన్లు వంకరగా ఉన్నా సరే. ఆ దారి పడ్డాక ప్రతి కొత్త విషయాన్నీ దానికే తగిలిస్తూ పోవాలి. తగిలించగానే మొత్తం దారి మళ్లీ నడిపి చూడాలి. అప్పుడు ఏది ఎప్పుడు చెడిందో మీకు తెలుస్తుంది, ఎందుకంటే గంట క్రితం దాకా అది నడిచింది.

ఫ్లటరా, వెబ్‌సైటా అన్న తగవుకి మా తీర్పు: మీలో కనీసం ఇద్దరు ఇప్పటికే ఏదైనా ఒకటి పూర్తిచేసి ఉంటే అదే. ఎవరికీ అంత అనుభవం లేకపోతే వెబ్‌సైట్. జ్యూరీ సభ్యుడు క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి తన ఫోన్‌లోనే తెరవగలడు. ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైలు) ఇస్తే తెలియని యాప్ అంటూ ఫోన్ హెచ్చరిస్తుంది, చాలామంది అక్కడే ఆగుతారు. ఫ్లటర్‌కే వెళ్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఇంటర్నెట్ అనుమతి, పరీక్ష కోసం కట్టే డీబగ్ బిల్డ్‌కి దానంతటదే ఉంటుంది, అందరికీ ఇచ్చే రిలీజ్ బిల్డ్‌కి మాత్రం అనుమతులు రాసే ప్రధాన ఆండ్రాయిడ్ మ్యానిఫెస్ట్ ఫైలులో మీరే రాయాలి. రాయకపోతే రాత్రంతా నడిచిన యాప్ పొద్దున రిలీజ్ ఏపీకేగా మారగానే సర్వర్‌ని అందుకోలేదు.

వెబ్‌సైట్‌కీ తన చిక్కు తనకుంది. లొకేషన్, కెమెరా ప్రసారం వంటివి బ్రౌజర్లు హెచ్‌టీటీపీఎస్ (సురక్షిత చిరునామా) ఉన్న చోట గానీ, అదే యంత్రంలోని లోకల్‌హోస్ట్‌లో గానీ మాత్రమే ఇస్తాయి. ల్యాప్‌టాప్‌లో లొకేషన్ వస్తుంది. అదే సైట్‌ని ఫోన్‌లో 192.168తో మొదలయ్యే చిరునామాతో తెరిస్తే రాదు. కోడ్ తప్పనుకుని జట్లు గంటలు పోగొట్టుకునేది ఇక్కడే. మొదటి రోజునుంచే హోస్టింగ్‌లో పెట్టి, హెచ్‌టీటీపీఎస్ చిరునామాతోనే ఫోన్‌లో పరీక్షించండి. హోస్టింగ్‌లో పెట్టగానే ఎదురయ్యే మరో గోడ కోర్స్ (CORS) అనే బ్రౌజర్ నిబంధన. సైట్ ఒక చిరునామాలో, సర్వర్ మరో చిరునామాలో ఉంటే, ఆ సైట్‌ని అనుమతిస్తున్నట్టు సర్వర్ చెప్పేదాకా బ్రౌజర్ జవాబుని కోడ్ చేతికివ్వదు. సర్వర్‌లో మీ సైట్ చిరునామా చేర్చాలి, చివర స్లాష్ (/) లేకుండా.

ఉచిత హోస్టింగ్‌ల స్వభావం కూడా ముందే తెలుసుకోండి. రెండర్ అనే హోస్టింగ్ సంస్థ ఉచిత సర్వర్ 15 నిమిషాలు ఎవరూ కదపకపోతే నిద్రపోతుంది, మళ్లీ లేవడానికి దాదాపు నిమిషం పడుతుంది. జ్యూరీ ముందు ఆ నిమిషం చాలా పొడుగు. మీ టేబుల్ దగ్గరికి వాళ్లు వచ్చే ఐదు నిమిషాల ముందు ఒకరు సైట్ తెరిచి ఉంచాలి. మోంగోడీబీని ఇంటర్నెట్‌లో ఇచ్చే అట్లాస్ సేవ వాడితే అనుమతించిన ఐపీ చిరునామాల నుంచే కనెక్షన్ ఒప్పుకుంటుంది. కాకినాడలో మీ హాస్టల్ ఐపీ చేర్చి ఉంటారు, పోటీ జరిగే ఊళ్లో ల్యాప్‌టాప్ నుంచి నడిపితే కనెక్ట్ కాదు. పోటీ వరకూ అన్ని ఐపీలనీ అనుమతించి, పాస్‌వర్డ్ గట్టిది పెట్టి, అయిపోయాక మూసేయండి.

క్యాంపస్ వైఫైని నమ్ముకోవద్దు. కొన్ని చోట్ల ఒకే వైఫైలో ఉన్న ఫోన్, ల్యాప్‌టాప్ ఒకదాన్నొకటి చూడలేకుండా వేరుచేసి ఉంచుతారు. డేటాబేస్ పోర్టు, కోడ్ మార్పుల్ని దాచి కలిపే గిట్ వాడే ఎస్ఎస్‌హెచ్ పోర్టు 22 (నెట్‌వర్క్‌లో ఒక ద్వారం) మూసేసి ఉండొచ్చు. ఆ కోడ్‌ని ఇంటర్నెట్‌లో ఉంచే గిట్‌హబ్‌ని హెచ్‌టీటీపీఎస్ ద్వారా వాడటం ఇప్పుడే అలవాటు చేసుకోండి. రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లున్న ఫోన్లు హాట్‌స్పాట్‌కి సిద్ధంగా ఉంచండి. కావలసిన ప్యాకేజీలన్నీ బయలుదేరే ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, ఆండ్రాయిడ్ స్టూడియో లాంటి గిగాబైట్ల సరుకు అక్కడ దించుకోవడం జరిగే పని కాదు.

ఇక ఫొటో. ఫోన్ కెమెరా ఫొటో తరచూ 3 నుంచి 5 ఎంబీ ఉంటుంది. దాన్ని బేస్64 అక్షరాలుగా మార్చి పంపితే మరో మూడో వంతు పెరుగుతుంది. ఎక్స్‌ప్రెస్ (సర్వర్ కట్టే లైబ్రరీ) వాడితే, జేసన్ రూపంలో పంపే డేటాకి మొదట్నుంచీ ఉండే పరిమితి 100 కేబీ మాత్రమే. పరీక్షించేటప్పుడు చిన్న బొమ్మ పంపుతారు కాబట్టి వెళ్తుంది, నిజమైన ఫొటో పంపగానే ‘మరీ పెద్దది’ అనే 413 తప్పు వస్తుంది. ఫోన్‌లోనే పొడుగు వైపు 1280 పిక్సెళ్లకి తగ్గించి, జేపెగ్ నాణ్యత 0.7 దగ్గర ఉంచండి, సాధారణంగా కొన్ని వందల కేబీకి దిగుతుంది. గుంత స్పష్టంగానే కనబడుతుంది. పంపేటప్పుడు బేస్64 కాకుండా ఫైల్‌గానే పంపండి.

లొకేషన్‌ని ఫొటోలోంచి తీసుకుందామని అనుకుంటారు. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫొటోలో ఆ సమాచారం ఉండదు. బ్రౌజర్ లొకేషన్ అడగండి. దానితోపాటు ఎన్ని మీటర్ల అటూఇటూ అన్నది కూడా వస్తుంది, దాన్ని దాచుకోండి. మీరు డెమో ఇచ్చేది నాలుగు గోడల మధ్య హాల్లో, అక్కడ పదుల మీటర్ల తేడా మామూలే. పిన్నుని వేలితో జరిపి సరిచేసే వీలు ఇవ్వండి. తేడా 100 మీటర్లు దాటితే పిన్ను జరపమని యాప్ అడగాలి. ఈ ఒక్కటి చేసిన జట్టు క్షేత్రంలో ఆలోచించిందని జ్యూరీకి వెంటనే అర్థమవుతుంది.

ఈ సమస్యలో అసలు ఇంజినీరింగ్ ఎక్కడుందో చెబుతాం, మీ సమయంలో పెద్ద వాటా దానికివ్వండి. ఒకే గుంత మీద ఇరవై మంది ఫిర్యాదు చేస్తే అధికారికి ఇరవై ఫైళ్లు కనబడకూడదు, ఒక్కటే కనబడాలి, పక్కన ఇరవై అన్న లెక్కతో. ఒకే రకం, 50 మీటర్ల లోపు, ఇంకా మూసేయని ఫిర్యాదు ఉంటే కొత్తదాన్ని దానికి కలపండి. పోస్ట్‌జీఐఎస్ డేటాబేస్‌లో గానీ మోంగోడీబీలో గానీ దూరం లెక్కకు సిద్ధంగా సౌకర్యం ఉంది. అవి రాకపోయినా ఫరవాలేదు. అక్షాంశంలో ఒక డిగ్రీ దాదాపు 111 కిలోమీటర్లు, అంటే 0.0005 డిగ్రీ సుమారు 55 మీటర్లు. మన అక్షాంశాల దగ్గర రేఖాంశం డిగ్రీ సుమారు 106 కిలోమీటర్లు. ఆ చిన్న చతురస్రంలో వెతికితే డెమోకి సరిపోతుంది. వీధి దీపాల దగ్గర మాత్రం 50 మీటర్లు ఎక్కువ, పక్క స్తంభం కూడా కలిసిపోతుంది. రకాన్ని బట్టి దూరం మారాలి. ఈ మాట మీరే ముందు చెబితే జ్యూరీ అడగాల్సిన ప్రశ్న ఒకటి తగ్గుతుంది.

ఫొటో చూసి గుంతో చెత్తో చెప్పే ఏఐ మోడల్‌ని అక్కడ కూర్చుని శిక్షణ ఇవ్వొద్దు. కావాలంటే ఈ 20 రోజుల్లో ముందే శిక్షణ పొందిన చిన్న మోడల్‌ని మీ సొంత ఫొటోలతో సర్దుకోండి. మోడల్ 98 శాతం సరిగ్గా చెబుతోందని స్లయిడ్‌లో వేసే ముందు ఒకటి సరిచూసుకోండి. ఒకే గుంతను నాలుగు కోణాల్లో తీసి, మూడు శిక్షణకి, ఒకటి పరీక్షకి పెడితే ఆ శాతం ఉత్తిదే. చోటుని బట్టి విడదీయండి, కొన్ని వీధులు శిక్షణకి, వేరే వీధులు పరీక్షకి. మోడల్ ఫైల్ 100 ఎంబీ దాటితే గిట్‌హబ్ తీసుకోదు, వేరే చోట ఉంచి లింకు పెట్టండి. మోడల్ తప్పు చెప్పినా పౌరుడు సరిచేయగలగాలి, మోడల్ పడిపోయినా ఫిర్యాదు వెళ్లాలి.

కోడింగ్ రాని ఇద్దరి గురించి మీరు మొహమాటంగా రాశారు. వాళ్లు మీ జట్టుకి భారం కాదు, నిజానికి మీ దగ్గర లేని సరుకు తేగలిగింది వాళ్లే. రేపే వార్డు సచివాలయానికి పంపండి. ఫిర్యాదు ఇప్పుడు ఎవరి దగ్గరికి వస్తుంది, ఎవరు ఎవరికి పంపుతారు, పని అయిందని ఎలా తేలుస్తారు, ఏ ఫిర్యాదులు ఇది మాది కాదంటూ శాఖల మధ్య తిరుగుతాయి – ఇవి అడిగి రాసుకు రావాలి. కేంద్రం తెచ్చిన స్వచ్ఛతా యాప్‌లో ఒక ఫిర్యాదు పెట్టి దాని ప్రయాణం గమనించాలి. ‘ఇది ఇప్పటికే ఉంది కదా, మీదెందుకు?’ అన్న ప్రశ్న తప్పక వస్తుంది, జవాబు వాళ్ల నోట్‌పుస్తకంలోంచే రావాలి. దారిలో కనీసం 150 ఫొటోలు తీయాలి, పగటివీ రాత్రివీ వర్షంలోవీ. మనుషుల ముఖాలు, బండ్ల నంబర్లు పడినవి పక్కన పెట్టాలి. డెమో డేటాలో నిజమైన ఆధార్ నంబరు, నిజమైన వ్యక్తుల ఫోన్ నంబరు ఉండకూడదు.

పోటీలో వాళ్ల పని పరీక్ష. ప్రతి రెండు గంటలకీ కొత్త ఫోన్‌లో దారి మొత్తం నడపడం, లొకేషన్ నిరాకరించి చూడటం, నెట్ కట్ చేసి చూడటం, ఒకే బటన్ రెండుసార్లు నొక్కి చూడటం. తెలుగులో ఫిర్యాదు రాసి చూడటం కూడా. కొన్ని పీడీఎఫ్ లైబ్రరీల్లో, జేఎస్‌పీడీఎఫ్ లాంటివాటిలో, తెలుగు ఫాంట్ పెట్టినా ఒత్తులు విడిపోయి వస్తాయి. బ్రౌజర్ ప్రింట్ ద్వారా పీడీఎఫ్ చేస్తే సరిగా వస్తుంది. సర్వర్ గడియారం యూటీసీలో (మన సమయానికి ఐదున్నర గంటలు వెనక) ఉంటే సాయంత్రం 6 గంటల ఫిర్యాదు మధ్యాహ్నం 12.30కి వచ్చినట్టు చూపిస్తుంది. ఇలాంటివి కోడ్ రాసేవారి కళ్లకి ఆనవు.

గిట్ విషయంలో నాలుగు కట్టుబాట్లు చాలు. ఎవరి బ్రాంచిలో (కోడ్ సొంత ప్రతిలో) వారు పనిచేయాలి. రెండు గంటలకోసారి అందరి ఉమ్మడి ప్రతి అయిన మెయిన్‌లో కలపాలి, ఆ కలిపే పని ఒక్కరే చేయాలి. నోడ్ మాడ్యూల్స్ ఫోల్డరు, రహస్య కీలుండే డాట్ ఈఎన్‌వీ ఫైలు మొదటి కమిట్‌కి (గిట్‌లో మార్పులు నమోదు చేయడానికి) ముందే, గిట్ పట్టించుకోని ఇగ్నోర్ జాబితాలో ఉండాలి. పొరపాటున కీ ఎక్కితే ఫైల్ చెరిపినా పాత కమిట్‌లో ఉండిపోతుంది కాబట్టి ఆ కీనే రద్దుచేసి కొత్తది తీసుకోవాలి. కొత్త ప్యాకేజీ చేర్చేది ఒక్కరే అయితే ప్యాకేజీల వెర్షన్లు నమోదయ్యే లాక్ ఫైల్ గొడవలు సగం తగ్గుతాయి.

ఏఐ చాట్‌బాట్ సంగతి. ముందు నిర్వాహకుల నిబంధన చదవండి, అనుమానముంటే మీ కాలేజీ ఎస్‌పీఓసీ (పోటీ వ్యవహారాలు చూసే ప్రతినిధి) ద్వారా, ఫైనల్ జరిపే నోడల్ సెంటర్‌ని అడగండి. ముందే రాసుకున్న కోడ్ ఎంతవరకు తేవచ్చో కూడా అప్పుడే అడగండి. అనుమతి ఉంటే వాడండి, ఒక షరతు మీద: మెయిన్‌లో కలిసే ప్రతి ఫైల్‌నీ వరస వరసా వివరించగలిగిన మనిషి జట్టులో ఒకరుండాలి. ఆరుగురు ఆరు చాట్‌లలో అడిగితే ఆరు రకాల లాగిన్ పద్ధతులు, రెండు రకాల డేటాబేస్ రాతలు వస్తాయి. అంటే కలపలేని జబ్బు ఇంకా ముదురుతుంది. ముందు రాసుకున్న ఆ ఒక్క పేజీని ప్రతి చాట్‌లోనూ మొదట అతికించండి, లైబ్రరీల వెర్షన్లు కూడా రాయండి. లేదంటే పాత వెర్షన్ కోడ్ ఇస్తుంది, ఒక్కోసారి లేని ప్యాకేజీ పేరు కూడా చెబుతుంది. డేటాబేస్ పాస్‌వర్డ్‌ని చాట్‌లో ఎప్పుడూ అతికించొద్దు.

గంటల లెక్క: పొద్దున 8కి మొదలైతే మధ్యాహ్నం 1కి సన్నని దారి, రాత్రి 10కి ఫిర్యాదుల కలయిక, అధికారి తెర. నిద్ర తప్పనిసరి. రాత్రి 10 నుంచి 2 దాకా ముగ్గురు, 2 నుంచి 6 దాకా ముగ్గురు. మేలుకున్న ప్రతి జట్టులోనూ సర్వర్ తెలిసినవారు ఒకరుండాలి. ముగింపు మర్నాడు రాత్రి 8కైతే సాయంత్రం 4 తర్వాత కొత్త ఫీచర్ ఏదీ కలపకూడదు, తప్పులు దిద్దడం మాత్రమే. 4 గంటల నాటి కోడ్‌కి, మళ్లీ అక్కడికి తిరిగి రాగలిగేలా, గిట్‌లో ట్యాగ్ (పేరు గుర్తు) వేసి, రెండు నిమిషాల స్క్రీన్ రికార్డింగ్ తీసి రెండు ల్యాప్‌టాప్‌లలో, ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. ఎక్స్‌టెన్షన్ బోర్డులు రెండు, యూఎస్‌బీ సీ నుంచి హెచ్‌డీఎంఐకి అడాప్టరు ఒకటి, ఫోన్ డేటా కేబుళ్లు రెండు మీవే తీసుకెళ్లండి. ప్రొజెక్టర్‌లో అక్షరాలు చిన్నవైపోతాయి, బ్రౌజర్ జూమ్ 125 శాతం పెట్టి చూసుకోండి.

భాష గురించి అంత దిగులు వద్దు. మీ యాప్ కళ్లముందు నడుస్తుంటే మాటల బరువు తగ్గుతుంది. స్లయిడ్లతో మొదలుపెట్టొద్దు, ఫోన్ జ్యూరీ సభ్యుడి చేతికిచ్చి ‘ఒక ఫొటో తీయండి సర్’ అనండి. ఆయన తీసిన ఫొటో పక్కనున్న ల్యాప్‌టాప్‌లో అధికారి తెరమీద పడ్డాక మాట్లాడటం మొదలుపెట్టండి. డెమో కోసం పది చిన్న ఇంగ్లీషు వాక్యాలు రాసుకోండి, ఒక్కోటి ఒక్కో తెరకి, పది మాటలకు మించకుండా. మాట్లాడేది ఇద్దరే, కానీ సాంకేతిక ప్రశ్న వస్తే ఆ భాగం రాసినవారే జవాబు చెప్పాలి. మాట తట్టకపోతే కోడ్ తెరిచి చూపండి, బొమ్మ గీసి చూపండి. చేయని పని గురించి అడిగితే చేయలేదని ఒక్క వాక్యంలో చెప్పి, చేస్తే ఎలా చేస్తారో రెండో వాక్యంలో చెప్పండి. ఈ 20 రోజుల్లో రోజుకో అరగంట వేరే బ్రాంచి స్నేహితుల్ని ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగించుకోండి.

మొదటి మెంటరింగ్ రౌండ్‌లో ఇచ్చిన సలహాల్ని ఒకరు అక్కడికక్కడే రాసుకోవాలి, చెప్పినవారి పేరుతో సహా. తర్వాతి రౌండ్‌కి వాటిలో కనీసం ఒక్కటి అమలుచేసి, ఆయన వచ్చినప్పుడు ముందు అదే చూపించండి. కుదరనివి ఎందుకు వదిలేశారో కారణం సిద్ధంగా ఉంచుకోండి. ఈ ఆదివారమే మీ హాస్టల్‌లో 12 గంటల రిహార్సల్ పెట్టుకుని, ఐదో గంటకల్లా సన్నని దారి నడుస్తుందో లేదో చూడండి. నడవకపోతే ఎక్కడ ఆగిందో రాసి పంపండి, వచ్చే వారం ఆ ఒక్కదాని మీదే వివరంగా జవాబిస్తాం.